గుమ్మంలో ఒక అక్షరం

*వెండి ధర పెరిగిందని అటక మీది పెట్టెలు కిందికి దిగుతున్నాయి. నాయనమ్మ దాచిన రాణి రూపాయి కంసాలి తక్కెడకు పోవాలా, సేకర్త ఆల్బమ్‌కు పోవాలా? అది ఏ రకమో అమ్మేవాడికే తెలియనప్పుడు బేరం ఎలా సాగుతుంది?*

మధ్యాహ్నం మూడు దాటింది. లాడ్ బజార్ మొదట్లో గాజుల దుకాణాలకు ఎదురుగా నేల మీద ఒక ఎర్ర మఖ్మల్ గుడ్డ పరిచి ఉంది. దాని మీద అణాలు, బేడలు, చిల్లుకానీలు కుప్పగా పోసి ఉన్నాయి. ఓ పక్కన మాత్రం పది పన్నెండు వెండి నాణేలను విడిగా, వరసగా పేర్చారు. నల్లగొండ నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల సారు గొంతుకు కూర్చుని, అందులో ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి పావుగంట అయింది. నాణెం మీద చార్మినార్ బొమ్మ ఉంది. ఆయన వీపు వెనక అసలు చార్మినారే ఉంది. సారు దానివైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఆయన వెతుకుతున్న గుమ్మం వేలిగోరంత కూడా లేదు.

"గిది పొట్టిదా, నిండుదా?"

"ఏమో సార్. మొన్న ఒకాయన పొట్టిది అన్నడు. నిన్న ఒకాయన నిండుది అన్నడు. ఇద్దరూ కొనలే."

"నువ్వేమంటవ్ మరి?"

"నేను హైదరాబాద్ రూపాయి అంటున్న. అంతవరకే పక్కా."

చార్మినార్ బొమ్మతో రూపాయి మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మొదలైంది. అప్పుడు బొమ్మలోని మధ్య ద్వారంలో ఆయన పేరుకు గుర్తుగా 'మీమ్' అక్షరం ఉండేది. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అక్కడికి 'ఐన్' వచ్చింది. ఆయన తొలినాళ్ల నాణేల్లో ఈ ఐన్‌ను పొట్టిగా చెక్కారు. తరువాతివాటిలో నిండుగా చెక్కారు. రాజూ అదే, బొమ్మా అదే, 11 గ్రాముల పైచిలుకు బరువూ అదే. నువ్వుగింజంత అక్షరానికి తోక ఎంతవరకు సాగిందన్నదే తేడా. కేటలాగులు మాత్రం ఈ రెంటినీ రెండు రకాలుగా లెక్కగట్టి వేర్వేరు నంబర్లిచ్చాయి. నంబరు మారితే ధర మారుతుంది. సారు చేతిలోని రూపాయిలో సరిగ్గా ఆ తోక దగ్గరే అరుగుదల.

అటక దిగిన పెట్టెలు

వెండి కిలో లక్ష రూపాయలు దాటినప్పటి నుంచి పాత నాణేల మాట మళ్లీ ఇంటింటా వినిపిస్తోంది. బ్రిటిష్ కాలపు రూపాయి బరువు 11.66 గ్రాములు. మన పెద్దలు తులం అన్నది ఆ బరువునే. బంగారం తూచడానికి రాళ్లు లేనిచోట రూపాయి బిళ్లే తూకపురాయి. అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. కిలో లక్ష లెక్కన వేసినా ఒక్క బిళ్లలో వెయ్యికి పైగా వెండి ఉన్నట్టు. ఇంతకంటే తక్కువకు ఇస్తే నష్టమని ఎవరికైనా తెలుసు. ఈ కథ మొదలయ్యేది ఆ పైన ఎంత అన్న దగ్గర.

కంసాలి అడిగేది ఒక్కటే: నలభైకి ముందుదా, తరువాతదా? 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947కు వచ్చేసరికి వెండి పూర్తిగా పోయి, పులిబొమ్మతో నికెల్ రూపాయి వచ్చింది. ఆయన పని సంవత్సరంతో అయిపోతుంది. తేదీ కింద చుక్క ఉందా, రాణి గౌను మీద పువ్వు ఎలా ఉంది అన్నవి ఆయనకు పట్టవు, పట్టాల్సిన పనీ లేదు. కరిగేటప్పుడు అన్ని చుక్కలూ ఒకటే.

పట్టించుకునేవాళ్లు వేరే ఉన్నారు. ఆల్బమ్‌లో ఒక గడి ఖాళీగా ఉందని పదేళ్లుగా నిద్రపట్టని మనుషులు వాళ్లు. ఇంట్లోవాళ్లకు మామూలు రూపాయిగా కనిపించేది వాళ్ల కంటికి మరొకటి. అమ్మేవాడి చిక్కంతా ఇక్కడే. తన చేతిలో ఉన్నది వాళ్లు వెతుకుతున్నదో కాదో అతనికి తెలియదు. చాలాసార్లు వాళ్లకూ తెలియదు.

ఒకే సంవత్సరం, పన్నెండేళ్ల నాణేలు

తెలుగిళ్లలో ఎక్కువగా బయటపడే పాత వెండి నాణేల్లో 1862 నాటి రాణి రూపాయి ఒకటి. ఈ రకాల గందరగోళానికి దాన్ని మించిన ఉదాహరణ లేదు.

1858లో కంపెనీ పాలన పోయి బ్రిటిష్ రాణి పాలన వచ్చింది. విక్టోరియా బొమ్మతో, కంపెనీ పేరు లేకుండా కొత్త రూపాయిలు 1862లో వచ్చాయి. ఆ తరువాత టంకశాలలు ఏటా తేదీ మార్చడం మానేశాయి. 1863 వచ్చినా, 1870 వచ్చినా అచ్చు మీద అదే 1862. మళ్లీ నిజమైన సంవత్సరం కనిపించింది 1874లోనే. కానీ ఏ ఏడు ఏ అచ్చు వాడారో టంకశాల లోపల లెక్క ఉండాలి కదా! అందుకని బొంబాయివాళ్లు తేదీ దగ్గర చిన్న చుక్కలు పెడుతూ పోయారు. కింద ఒకటి, రెండు, మూడు... ఇంకొన్నిటికి పైన కూడా. అది వాళ్ల ఇంటిలెక్క. వందేళ్ల తరువాత ఆ చుక్కలు లెక్కపెట్టి జనం కొట్లాడుకుంటారని ఆ పనివాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు.

చుక్కలతోనే ఆగలేదు. రాణి ప్రతిమలోనే తేడాలున్నాయి. ఎదమీది గౌను నగిషీ ఒక అచ్చులో ఒక తీరు, ఇంకో అచ్చులో ఇంకో తీరు. వెనకవైపు పూలతీగలో పైపువ్వు రేకులు ఒకచోట పెద్దవి, ఒకచోట చిన్నవి. ఈ ప్రతిమలను, పువ్వులను, చుక్కలను కలిపి విడదీస్తే ఒక్క 1862 రూపాయికే ఎన్నో రకాలు తేలతాయి. కొన్ని అడుగడుగునా దొరుకుతాయి, కొన్నిటి కోసం జీవితకాలం తిరగాలి. ప్రిడ్‌మోర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు వీటిని ఓపికగా వేరుచేసి గ్రంథస్థం చేశాడు. అమెరికాలో అచ్చయిన క్రౌజ్ కేటలాగు తన పద్ధతిలో నంబర్లిచ్చింది. ఒకరు పెద్ద తేడా అన్నది మరొకరికి లెక్కలోకే రాదు. అలాంటప్పుడు "ఇది ఏ రకం?" అన్న ప్రశ్నకు ఎవరి లెక్క ప్రకారం అన్న ఎదురుప్రశ్న న్యాయమే.

> ఏనుగా? పందా?
> రకం తేల్చడానికి భూతద్దమే అక్కర్లేని సందర్భమూ ఒకటుంది. 1911 నాటి అయిదో జార్జి రూపాయి మీద రాజు వేసుకున్న వస్త్రంపై చిన్న ఏనుగు బొమ్మ ఉంది. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా ఉందని గోల లేచింది. ముస్లింల మనసు నొచ్చుకుంది. ప్రభుత్వం నాణేలను వెనక్కి తీసుకుని కరిగించింది. 1912 రూపాయిలో తొండం స్పష్టంగా దిద్దారు. కరగకుండా మిగిలినవాటిని సేకర్తలు ఈనాటికీ 'పిగ్ రూపీ' అనే పిలుస్తారు.

అరిగితే కలకత్తా

ఇక్కడో తమాషా ఉంది. మన టంకశాలలకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు. తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్. వజ్రం ఆకారం ఉంటే ముంబయి. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. గుర్తు లేకపోవడమే కోల్‌కతా గుర్తు.

ఇప్పుడు జేబుల్లో, గల్లాపెట్టెల్లో పడి నలిగిన నాణేన్ని తీసుకోండి. దాని మీది నక్షత్రం అరిగిపోయింది. అది హైదరాబాద్‌లో పుట్టి కోల్‌కతాదైపోయిందా? 1862 రూపాయి చుక్కలదీ ఇదే బాధ. రెండు చుక్కల్లో ఒకటి చెరిగిపోతే ఒక చుక్క రకమవుతుంది, రెండూ పోతే చుక్కల్లేని రకం. లేనిదాన్ని చూపించి "ఇది అసలు లేకుండానే పుట్టింది" అని రుజువు చేయడం ఎవరితరం? అమ్మేవాడి అనుమానాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేం. చాలాసార్లు నాణెమే నోరు విప్పదు.

హైదరాబాద్ టంకశాల కూడా ఒకచోట నిలిచింది కాదు. సుల్తాన్‌షాహీలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి తరలింది. సైఫాబాద్ భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. రకాల గొడవ అర్థం కావాలంటే ముందు అచ్చులు ఎలా చెక్కేవారో చూడటం మేలు. ఉక్కు మీద మనిషి చెక్కిన గీత రెండోసారి అచ్చంగా అదే రాదు. వెరైటీ అని మనం ముద్దుగా పిలిచేది సగం పాళ్లు ఆ చేతి తడబాటే.

చింతపండుతో తోమిన ధర

అరుగుదలకు కారణం సంతలూ సంచులే కాదు, భక్తి కూడా. శ్రావణమాసం రాగానే వరలక్ష్మీ వ్రతానికి పెట్టెలోంచి రూపాయి బిళ్లలు తీస్తారు. చింతపండు పెట్టి, ముగ్గుపిండో బూడిదో వేసి తళతళలాడేదాకా తోముతారు. పసుపు, కుంకుమ పెట్టి కలశం ముందు పేరుస్తారు. దీపావళికి మళ్లీ ఓసారి. ముగ్గురు నలుగురు కోడళ్ల చేతుల మీదుగా డెబ్బై ఎనభై శ్రావణాలు గడిచేసరికి రాణిగారి గౌను నగిషీ సాఫు.

కాసులపేరు కోసం, మెడలో తాడుకు కట్టడం కోసం కొన్నిటికి కొక్కేలు అతికించారు. కొక్కెం తీసేసినా అతుకు మచ్చ పోదు. ఎక్కడ అతికిస్తారు? తల పైనో, తేదీ వైపు అంచునో. సేకర్త మొదట చూసేదీ అక్కడే.

రకం తేలని నాణేల్లో చాలావాటి వెనక ఇలాంటి ఇల్లాలి శ్రద్ధ ఉంది. ఏళ్ల తరబడి పట్టిన నల్లటి పొర వెండికి చొక్కా లాంటిదని, దాన్ని ఒలిస్తే ధర ఒలిచినట్టేనని సేకర్తలు గుండెలు బాదుకుంటారు. వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఆమె తోమింది అమ్మడానికి కాదు. తప్పు ఆమెదని నేననను.

ఒక ప్రశ్నార్థకం ఖరీదు

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఓ నాణేల ప్రదర్శనలో ఆరో జార్జి రూపాయి ఒకటి కంటపడింది. ప్లాస్టిక్ కవర్ మీద చీటీ: "1939 (?)". 1939 రూపాయి ఎంత అరుదో ఆ సరదా ఉన్నవాళ్లెవరికైనా తెలుసు. గుండె దడదడలాడింది. "ఈ క్వశ్చన్ మార్క్ ఏంటండీ?" అని అడిగాను. "నాకు కచ్చితంగా తెలియదు సార్. మీరే చూసుకోండి. అందుకే మార్కెట్లో సగానికి ఇస్తున్నా" అన్నాడు వ్యాపారి. ఆ నిజాయతీకి ముచ్చటపడి కొనేశాను.

బరువు సరిపోయింది. వెండీ మంచిదే. అంచు గీతలూ బాగున్నాయి. వారం తరువాత ఓ పెద్దాయనకు చూపిస్తే ఆయన నాణేన్ని దీపానికి ఏటవాలుగా పట్టి, చివరి అంకె దగ్గర సన్నటి గీకుడు చూపించారు. 1938 రూపాయిలో ఎనిమిది కింది సున్నాను ఒక పక్క గీకేసి తొమ్మిది చేశారు. నాణెం అసలుదే, అంకె ఒక్కటే నకిలీ. వెళ్లి అడిగితే వ్యాపారి చీటీ చూపించాడు. "నేను ప్రశ్నార్థకం పెట్టాను కదా!"

పెట్టాడు. ధర మీద మాత్రం పెట్టలేదు. 1938 రూపాయికి ఇచ్చే సొమ్ముకు ఎన్నో రెట్లు తీసుకున్నాడు. అతను నాకు అమ్మింది నాణేన్ని కాదు, నా ఆశను.

"తెలియదు" అనే రెండు నోళ్లు

అప్పటినుంచి ఆ మాటను నేను రెండుగా వింటున్నాను. చార్మినార్ దగ్గర సారుకు రూపాయి చూపించిన అబ్బాయిదీ, ఆ ప్రదర్శన వ్యాపారిదీ ఒకటే వాక్యం, "నాకు తెలియదు." మొదటివాడు తెలిసినంత మేరకు ధర కట్టి మిగతాది కొనేవాడి కంటికి వదిలేశాడు. రెండోవాడు తెలియనిదానికి కూడా ధర కట్టాడు. అనుమానం ఉన్నప్పుడు మామూలు రకం ధరకు దగ్గరగా అమ్మితే ఎవరికీ పేచీ ఉండదు. అరుదైన రకం ధరకు దగ్గరగా అడుగుతూ "తెలియదు" అంటే ఆ తెలియనితనమే సరుకు.

పద్ధతిగా అమ్మేవాళ్ల చీటీ చూస్తే ముచ్చటేస్తుంది: "1862 రూపాయి. బరువు ఇంత. తేదీ కింద ఒక చుక్క కనిపిస్తోంది, రెండోది ఉన్నదీ లేనిదీ చెప్పలేను. గౌను నగిషీ అరిగింది. ప్రతిమ రకం తేల్చలేదు. పైభాగాన అతుకు మచ్చ ఉంది." ఇందులో కేటలాగు నంబరే లేదు. కళ్లకు కనిపించింది మాత్రమే ఉంది. ముందువైపు, వెనకవైపు, అంచు, ఇంకా తేదీ దగ్గర నుంచి ఒకటి, ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలు జతచేస్తారు. కొనేవాడు తన అంచనా తానే వేసుకుంటాడు. తప్పితే అది అతని తప్పే.

కాస్త ఖరీదైనది అనిపిస్తే గ్రేడింగ్ సంస్థకు పంపే దారి ఉంది. వాళ్లు అసలో నకిలీనో తేల్చి, స్థితికి అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తారు. అయితే ఫీజు, రానుపోను ఖర్చులు కలిపితే మామూలు రూపాయికి అది పెళ్లి కంటే పందిరి ఖర్చు ఎక్కువైనట్టు. రకం రాయమని విడిగా అడగకపోతే చీటీ మీద తేదీ, స్థితి మాత్రమే వచ్చే అవకాశమూ ఉంది. ఆ పెట్టె చూసి అన్నీ తేలిపోయాయనుకోవడం పొరపాటు.

> నంబర్లిచ్చినవాడే నాణేలు మార్చాడు
> నాణేల స్థితికి 1 నుంచి 70 వరకు అంకెలు వేసే పద్ధతిని మొదలుపెట్టినవాడు అమెరికన్ విలియం షెల్డన్. 1949లో వచ్చిన పుస్తకంలో తొలినాటి అమెరికన్ రాగి సెంట్లను రకరకాలుగా విడగొట్టి నంబర్లిచ్చాడు. సేకర్తలు ఈనాటికీ ఆ నంబర్లతోనే మాట్లాడుకుంటారు. ఆయన 1977లో చనిపోయాడు. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నిధిలోని మేలైన సెంట్లను ఆయన తీసుకుని, వాటి స్థానంలో అదే రకానివి తక్కువ స్థితిలోవి పెట్టినట్టు ఏళ్ల తరువాత బయటపడింది. పాత ఫొటోలతో పోల్చి చూస్తే గుట్టు రట్టయింది. సొసైటీ కోర్టుకెక్కాల్సి వచ్చింది.

గుర్రమూ, కూతురూ

తిరకాసు రెండోవైపు కూడా ఉంటుంది. అమ్మేవాడికి తెలియదు, కొనేవాడికి బాగా తెలుసు. బామ్మగారు కుప్పలోంచి తీసిన రూపాయి చూసి లోపల ఎగిరి గంతేసి, పైకి నిమ్మకు నీరెత్తినట్టు "ఎంతమ్మా?" అనేవాళ్లున్నారు. దీన్ని వాళ్లలో వాళ్లు 'చెర్రీ పికింగ్' అని గర్వంగా చెప్పుకుంటారు. చదువుకు, కళ్లకు దక్కిన కూలి అంటారు.

చట్టం కూడా దాదాపు అదే అంటుంది. 1872 నాటి మన కాంట్రాక్టుల చట్టం ప్రకారం ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు. అందులో ఇచ్చిన ఉదాహరణ ముచ్చటగా ఉంటుంది. ఒకడు తన గుర్రానికి జబ్బుందని తెలిసీ ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మాడు. అది మోసం కాదు. కొన్నది అప్పుడే మేజరైన అతని సొంత కూతురైతే మాత్రం చెప్పి తీరాలి. నమ్మకం ఉన్నచోట మౌనం పనికిరాదన్నమాట. ఆ చట్టం పుట్టిన ఏట టంకశాలల్లో ఇంకా 1862 అనే అచ్చే పడుతోంది.

మరి బామ్మగారు "బాబూ, నువ్వు చదువుకున్నవాడివి, దీని సంగతేంటో చూసి చెప్పు" అని చేతిలో పెట్టాక మౌనం మర్యాదేనా? నా మట్టుకు నాకు అక్కడ ఆమె అంగట్లో అమ్మేమనిషి కాదు, ఆ ఉదాహరణలోని కూతురే. కోర్టు ఏమంటుందో వేరే సంగతి.

> చట్టం చెప్పే మూడు ముక్కలు
> • ఫలానా రకమని చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టం 15వ సెక్షన్ ఇదే అంటుంది. చీటీ మీద రాసే రకం పేరు అలంకారం కాదు, హామీ.
> • ధర గురించి తప్పుగా అనుకున్నామని తరువాత బేరం రద్దుచేసుకోలేం. విలువ విషయంలో పొరబడటాన్ని కాంట్రాక్టుల చట్టం వాస్తవం విషయంలో పొరబాటుగా లెక్కించదు.
> • వందేళ్లు నిండిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలోని మనవడికి నాయనమ్మ రూపాయి సూట్‌కేసులో పంపే ముందు తేదీ చూడండి.

లక్షలు కురిపించే వీడియోలు

రకాల గురించి నిజమైన అనుమానం ఒకవైపు ఉంటే, అనుమానమే లేని మోసం ఇంకోవైపు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలు ఇస్తామని ఫోన్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, ఆపైన కమీషన్, పన్ను అంటూ గుంజుతారు. కొందరు రిజర్వ్ బ్యాంకు పేరే వాడుకున్నారు. దాంతో 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. తాము పాత నోట్లు, నాణేల కొనుగోళ్లు చేయమని, ఎలాంటి ఫీజులూ అడగమని, తమ తరఫున అడిగే అధికారం ఎవరికీ ఇవ్వలేదని. ఈ మోసంలో పోగొట్టుకునేది నాణెం కూడా కాదు. అది జేబులోనే ఉంటుంది, ఖాతా ఖాళీ అవుతుంది.

ఇంట్లో రాణి రూపాయిలున్నవాళ్లు ముందు తోమకుండా ఆగాలి. మందుల దుకాణంలోనో నగల దుకాణంలోనో చిన్న కాటా మీద తూచాలి. మెత్తటి గుడ్డ మీద పెట్టి, కిటికీ పక్క వెలుతురులో ఫొటోలు తీయాలి. తెలిసినవాళ్లు ఇద్దరికి విడివిడిగా చూపించాలి. ఇద్దరి మాటా కలవకపోతే కంగారు పడక్కర్లేదు, ఆ తేడానే చీటీ మీద రాసేయొచ్చు.

ఇక లాడ్ బజార్‌కు వస్తే, ఆ సాయంత్రం లెక్కల సారు బేరమాడి, వెండి లెక్కకు కాస్త పైన ఇచ్చి ఆ రూపాయి తీసుకున్నారు. "పొట్టిదైతే నీకు నష్టం గద?" అన్నారు లేస్తూ. "నిండుదైతే మీకు నష్టం సార్" అన్నాడు అబ్బాయి. "తేలినంక వచ్చి చెప్పుండ్రి."

నెల తరువాత మళ్లీ కలిస్తే సారును అడిగాను. ముగ్గురికి చూపించారట. ఇద్దరు నిండుదన్నారు, ఒకాయన చేతిలోకి తీసుకుని అయిదు నిమిషాలు చూసి ఏమీ అనకుండా "అమ్ముతారా?" అని అడిగాడట.

"ఏం చేశారు?"

"ఏముంది, ఇంటికి తెచ్చుకున్న."